బ్రేకుకు కందెన

మా బావ సంగప్ప నాతోని మాట్లాడక అప్పటికి రెండేండ్లు. మాట్లాడకుంటేంది, ఉమిసుడు మాత్రం ఆపలే.

నారాయణఖేడ్ బస్టాండుకు ఎదురుంగ నా దుకాణం. సైకిళ్ళు, మోపెడ్లు బాగు చేస్త. బావది మనూర్. అంగడికి వచ్చిన ప్రతిసారి నా దుకాణం ముంగట్నుంచే పోవాలె, ఆయనకు వేరే తొవ్వ లేదు. పోతపోత బండి మీదికెళ్ళే నా గడప మీద తుపుక్కున ఉమిసేటోడు. నేను లోపట్నుంచే, "బావా, తంబాకు మార్చినవా ఏంది, ఎర్రగ పడుతలేదు" అంటుంటి. అటు మొకం తిప్పకుంటనే నన్ను, నా తాతను, ఆ తాత తండ్రిని గూడ తిట్టుకుంట పోతుండె. పక్కపొంటి చాయ హోటల్ దేవప్ప గల్లా కాడ కూసోని నవ్వుతుండె.

తప్పు నాదే. కాని అప్పుడు నాకు తప్పనిపియ్యలే.

మనూర్ల మొదట మోపెడ్ కొన్నది మా బావే. కొన్న పొద్దు దానికి పూలదండ ఏసి, తెల్ల దోతి కట్టి, బీదర్ దిక్కు నుంచి వచ్చిన కొత్త వియ్యంకున్ని ఎన్క కూసోబెట్టుకోని నా దుకాణం ముంగట ఆపిండు. నాకు చూపెట్టనీకే ఆపిండు. "చూడు మాణిక్యప్పా, నువ్వు మందివి బాగు చేస్తవ్, నేను సొంతది నడుపుత" అన్నడు. వియ్యంకుడు నవ్విండు. నాకు మండింది. వాళ్ళు చాయ తాగేదాంక ఆగి, పెట్రోల్ నల్లా బందు చేసిన. గంతే. కార్బురేటర్ గిన్నెల మిగిలిన పెట్రోల్ తోని ఊరు దాటింది, వాగు కాడ ఆగింది. మే నెల. మా బావ దోతి ఎగ్గట్టి మనూర్ దాంక నూకుకుంట పోయిండు. నేను సైకిల్ ఏసుకోని ఎన్కనే పోయిన. "పెడల్లు గజ్జెలు కట్టనీకి పెట్టిండ్ర బావా? తొక్కరాదు" అనుకుంట. వియ్యంకుడు కడుపు పట్టుకోని నవ్విండు.

ఎండల నూకిందానికి గాదు, గా వియ్యంకుడు నవ్విందానికి మా బావ నన్ను మాఫ్ చెయ్యలే. మర్నాడు వచ్చి నా దుకాణం బోర్డు పీకి మోరీల ఏసిండు. ఇంటికి పోయి మా అక్కతోని ఒక్కటే మాట చెప్పిండట: "నీ తమ్ముని గడప తొక్కితె ఆడనే ఉండు. నా గడపకు రాకు."

మా అక్క శివమ్మ. అమ్మ పోయినంక నన్ను సాదింది ఆమెనే. రెండేండ్ల సంది అంగడి నాడు బావ ఇత్తనాల దుకాణంల కూసున్నప్పుడు, కొంగు మొకం మీదికి గుంజుకోని, దేవప్ప హోటల్ ఎన్క సందులకెళ్ళి వచ్చేది. ఒక రొట్టె పెట్టేది, రెండు మాటలు మాట్లాడేది, పోయేది. దొంగతనానికి వచ్చినట్టు.

నా దుకాణంకు వచ్చేటోళ్ళకు నా తిట్లు ఎర్కే. బండి తెచ్చినోన్ని ముందుగాల రెండు మాటలంట, అటెన్క బండి చూస్త. "చైన్ గింత వేలాడుతుంది, దీనికి బట్టలు ఆరేస్తున్నవా?" "గాలి లేదు, టైరు మీద పోతున్నవా, పొట్ట మీద పోతున్నవా?" "పెట్రోల్ల ఆయిల్ ఎంత పోసినవ్ర, బండి పోతుంటె బొగ్గు బట్టీ పోతున్నట్టుంది." నవ్వుకుంట తిడ్త, పని మాత్రం సక్కగ చేస్త. అయిదో తరగతి కాడ బడి గోడ దూకిన నేను, నాకు రాని అక్షరాలు శాన ఉన్నయి గాని, తెల్వని నట్టు లేదు.

కంది కోతలు అయిపోయిన దినాలు. ఒక అంగడి నాడు అక్క వచ్చింది. రొట్టె చేతికిచ్చి, కూసోకుంటనే అడిగింది.

"తమ్మీ, బండి బ్రేక్ పట్టుకుంటే కీసుమంటుంది. కోడిని కోసినట్టు. మనూర్ల అందరు తిరిగి చూస్తుండ్రు. మీ బావకు ఇజ్జత్ పోతుందట. ఏం చెయ్యాలె?"

గది నాకు పది నిమిషాల పని. బ్రేకు డబ్బల దుమ్ము వడితే గట్లనే అరుస్తది. చక్రం ఇప్పి, దుమ్ము తుడిసి, లోపటి బ్రేకు పట్టీని ఇసుక కాగితంతోని జర రుద్దితె సప్పుడు పోతది. చెప్తే అయిపోయేది. కాని గా పొద్దుగాల్నే మా బావ ఉమిసింది గడప మీద పడలే, నా చెప్పు మీద పడ్డది. ఆ చెప్పు నా కాలుకే ఉండె.

"కందెన పెట్టుమను" అన్న.

"కందెననా?"

"ఎడ్లబండి ఇరుసు కీసుమంటే ఏం పెడ్తడు? ఆముదంల బూడిది కలిపి గొట్టంల పోసి ఏలాడదీస్తడు గద, గదే. చక్రం ఇప్పి లోపట డబ్బకు మంచిగ రుద్దుమను. రెండు చక్రాలకు. ఒక్కదానికి పెడితె రెండోది అలుగుతది."

మొకం సక్కగ పెట్టే చెప్పిన. నేను అనుకున్నదేందంటే, అక్క ఇంటికి పోయి ఎవలో చెప్పిండ్రని గీ మాట అంటది, మా బావ విని, "గా చెప్పినోడు నన్ను ఎడ్లబండోడంటుండు" అని పండ్లు కొరుకుతడు. గంతే. బ్రేకుకు కందెన పెట్టేటోడు ఎవడన్న ఉంటడా? పట్టుకోవాల్సిన దానికి జారేది పెడ్తరా? కాని మా అక్క పుట్టిన కాడికెళ్ళి ఎక్కింది ఎడ్లబండే. మా బావ గూడ ముప్పై ఏండ్లు ఎడ్లబండి తోలినోడే. సప్పుడొచ్చిన ప్రతి చక్రానికి వాళ్ళకు తెలిసిన మందు ఒక్కటే.

అక్క తలకాయ ఊపింది. "రెండిటికీ" అని ఇంకోసారి అడిగి, యాదిల పెట్టుకోని పోయింది. దేవప్ప అంతా ఇన్నడు. "ఏం మనిషివి రా నువ్వు" అన్నడు. ఇద్దరం నవ్వినం. ఆ వారమంతా యాదికొచ్చినప్పుడల్లా నవ్విన.

మల్లొచ్చిన అంగడి నాడు, పగటాల్ల, అక్క సందులకెళ్ళి వచ్చింది. మొకం ఎలుగుతుంది.

"నీ నోట్ల శెక్కర పొయ్య. సప్పుడు పోయింది."

"ఏం సప్పుడు?"

"బండిది. పొద్దుగాల రెండు చక్రాలు ఇప్పి గొట్టంల ఉన్న కందెనంత రుద్దిండు. నీ పేరు చెప్తే పెట్టడని, బస్ డిపోల పెద్ద మిస్త్రి చెప్పిండని అన్న. ఇప్పుడు జర గూడ అరుస్తలేదు."

తాగుతున్న చాయ ముక్కులకెళ్ళి వచ్చింది. మోకాలు కొట్టుకోని నవ్విన. దేవప్పను పిలిచి గీ మాట చెప్దామని లేచిన. లేచినోన్ని ఆడనే నిలబడ్డ.

"అక్కా, వచ్చేటప్పుడు బ్రేకు పట్టిందా?"

"ఏమో. అంతా ఎక్కుడే గద. ఒక్కకాడ బర్లు అడ్డమొస్తే కాళ్ళు ఆనిచ్చి ఆపిండు. కొత్త కందెన, సర్దుకుంటది అన్నడు."

ఖేడ్ నుంచి మనూర్ పోయేటప్పుడు ఊరు దాటినంక వాగు కాడికి దిగుడుంటది. లారీలోళ్ళు గూడ గేరు తగ్గించి దిగుతరు. కింద మలుపు, మలుపుల కట్ట లేని సన్నటి మోరీ వంతెన, వంతెన కింద నల్లరాళ్ళు. వచ్చేటప్పుడు ఎక్కుడు. పోయేటప్పుడు దిగుడు. మా అక్క ఎన్క ఒక్కదిక్కు కాళ్ళేసి కూసుంటది, పట్టుకోనీకి మా బావ అంగి కొన తప్ప ఏం లేదు.

"నువ్వు బస్సుల పో" అన్న.

"ఎందుకు?"

"బ్రేకు పట్టది. నేను పరాచికానికి చెప్పిన. కందెన పెట్టద్దు అక్కా. పెడితె బ్రేకు ఉన్నా లేనట్టే."

ఆమె మొకంల ఎలుగు పోయింది.

"బస్సుల పోతనంటే ఎందుకంటడు. ఏం చెప్పాలె? నీ కాడికొస్తున్నట్టు తెలుస్తె ఆడనే ఉండుమంటడు. మాట మీద నిలవడే మనిషి. నన్ను ఏడ పెట్టుకుంటవ్, గీ ట్యూబుల నడుమనా?" నా చెయ్యి గుంజి ఆమె నెత్తి మీద పెట్టుకుంది. "నువ్వే చెప్పుకో, బతిలాడుకో. నా పేరు మాత్రం తియ్యకు. ప్రమాణం చెయ్యి."

చేసిన. ఆమె సందులకెళ్ళి పోయింది.

ఇత్తనాల దుకాణం ముంగట బండి నిలబెట్టి ఉంది. ఎన్క చక్రం నడుమల్నుంచి నల్లటి జిడ్డు పుల్లల మీదికి కారుతుంది. మా బావ అరుగు మీద నలుగురితోని కూసున్నడు. నేను పోయి ఎదురుంగ నిలబడ్డ. రెండేండ్లల్ల మొదటిసారి.

"బావా, బ్రేకుల కందెన పెట్టినవ్. పట్టది. జర సేపు నా దుకాణంకు తే, తుడిసిస్త."

ఆయన పక్కోని దిక్కు తిరిగి అన్నడు, "కుక్క మొరుగుతుంది, రాయి ఉందా ఆడ?"

"నన్ను తిట్టు, ఎంతన్న తిట్టు. వాగు దిగుడు యాదికి తెచ్చుకో."

"నాకు చెప్పింది పెద్ద మిస్త్రి. నీ లెక్క గోడ దూకినోడు గాదు, పని నేర్చినోడు." ఇప్పుడు నా దిక్కు చూసిండు. "నా బండి దిక్కు చూసినవంటే కండ్లు పీకుత. నల్లా పొద్దుగాల్నే చూసుకున్న. ఇంకేం పెట్టినవ్ ఈసారి? సైలెన్సర్ల గుడ్డ కుక్కినవా?"

అరుగు మీదోళ్ళు నవ్విండ్రు. ఒకడు, "మాణిక్యప్పా, ఈపారి ఆట మంచిగుంది, దుఃఖం మొకం గూడ పెట్టినవ్" అన్నడు. నా మొకం సంగతి నాకెర్క. నేను ఏడ్సినా నవ్వినట్టే ఉంటది, మూతి గట్ల పుట్టింది. గా పెద్ద మిస్త్రిని నేనే అని నోటిదాంక వచ్చింది. పక్కన మిరపకాయల కుప్ప కాడ అక్క నిలబడి ఉంది. మింగిన.

మా బావ పల్లిచెక్క బస్తా కట్టించుకోనీకి లోపటికి పోయిండు. నేను బండి కాడ కూసున్న, చెప్పు బాగు చేసుకుంటున్నట్టు. జేబుల పానా ఎప్పుడుంటది. ఇంజన్ స్పార్క్ పిలగ్ ఇప్పి జేబుల ఏసుకున్న. ఇంకా ఏడిగనే ఉంది, వేళ్ళు కాలినయి. పిలగ్ లేంది నిప్పురవ్వ లేదు, నిప్పురవ్వ లేంది ఇంజన్ లేదు. ఇంజన్ లేకుంట బండి ఏడికి పోతదనుకున్న. ఇట్ల కాకుంటె అట్ల, అంగడి ముంగట అరుసుకోని తిట్టుకోని, బండి నా దుకాణంకు నూకుకొస్తడనుకున్న.

మా బావ వచ్చి బస్తా బండి మీద కాళ్ళ కాడ పెట్టిండు. అక్క ఎన్క కూసోకముందుకే స్టాండు మీద బండి పెట్టి పెడల్ తొక్కిండు. పలకలే. వంగి నల్లా చూసిండు, తెరిసే ఉంది. మల్ల తొక్కిండు. అటెన్క మెల్లగ తల లేపి, రోడ్డు అవతల నిలబడ్డ నన్ను చూసిండు.

"పిలగ్ ఏడుంది రా?"

"నా జేబుల ఉంది. చక్రాలు ఇప్పి తుడిసినంక ఇస్త."

చుట్టు మంది జమైండ్రు. కొడతడనుకున్న. కొడితె మంచిదే, కొట్టుకుంట ఒక గంట పోతది. కొట్టలే. బండిని స్టాండు మీదికెళ్ళి దింపిండు. కింద చిన్న గుండీ తిప్పి ఇంజన్ను చక్రానికెళ్ళి ఇడిపిండు.

"పెడల్లు గజ్జెలు కట్టనీకి పెట్టలేదన్నవ్ గద" అన్నడు. "యాదికుంది. శివమ్మా, కూసో."

అక్క కూసుంది. నా దిక్కు చూసి ఒక్కసారి అడ్డంగ తల ఊపింది, చెప్పకు అన్నట్టు. సైకిల్ తొక్కినట్టు తొక్కుకుంట పోయిండు. మంది ఈలలేసిండ్రు.

పెడల్ల సంగతే మర్సిన. గా పెడల్లు యాదికి చేసిందే నేను, ఎండల ఎన్కెన్క పోయి చెవుల అరిసి. ఇంజన్ ఉంటే రేజ్ వదిలినప్పుడు జరంతన్న పట్టి ఉంచుతది. ఇప్పుడు అది గూడ లేదు. నేను ఆపనీకి చేసిన పనితోని ఉన్న ఒక్క అడ్డం గూడ తీసేసిన.

దుకాణంల బాగుకొచ్చిన సైకిళ్ళు మూడున్నయి. ఒకదానికి చైన్ లేదు, ఒకదానికి ముందు చక్రం లేదు, ఒకదానికి సీటు లేదు. సీటు లేనిదాన్ని తీసిన. నిలబడే తొక్కిన. దేవప్ప ఎన్కకెళ్ళి, "కూసోకు రా, కూసుంటే పోతవ్" అని అరుస్తుండు. మామూలు దినమైతే నేను గూడ నవ్వేటోన్ని.

బస్ డిపో దాటినంక దొరికిండ్రు. ఇద్దరి బరువు, బస్తా బరువు, చెమటలు కారుతున్నయి మా బావకు. నేను పక్కకు వచ్చిన. జేబులకెళ్ళి పిలగ్ తీసి చూపెట్టిన.

"ఇగో, తీసుకో. ఆగు, నేనే బిగిస్త."

"నీ చెయ్యి తాకింది నాకొద్దు."

"అక్కనన్న దించు. ఎన్క బస్సుంది."

"నా పెండ్లాం ఏడ కూసోవాల్నో నువ్వు చెప్తవా?"

"బావా, నేను నవ్వుతలేను."

"నువ్వు ఎప్పుడు నవ్వుతవో ఎప్పుడు నవ్వవో కనిపెట్టనీకి నాకు రెండేండ్లు పట్టింది. ఇగ కనిపెట్ట. పో."

ముంగట కంకర కుప్ప కనవడుతుంది. అది దాటితె దిగుడే. తొక్కుడు ఆపిండు, బండి దానంతట అదే పోతుంది. అక్క కండ్లు మూసుకుంది. ఆమెకు ఎర్క. ఎర్కుండి కూసుంది. ఇల్లు పోవద్దని కూసుంది.

"కందెన పెట్టుమన్నది నేనే" అన్న. "పెద్ద మిస్త్రి లేడు గిస్త్రి లేడు. అక్క నా కాడికొచ్చి అడిగితె నేనే చెప్పిన. ప్రతి అంగడికి వస్తది. అడుగు ఆమెను."

మా బావ రెండు కాళ్ళు కిందేసిండు. చెప్పులు గీకుకుంట, దుమ్ము లేపుకుంట, కంకర కుప్ప పక్కన బండి ఆగింది. ఎన్కకు తిరగలే. ముంగట వాగు దిక్కు చూసుకుంటనే అడిగిండు.

"నిజమా?"

"హౌదు" అంది అక్క. మా బావ ఇంట్ల సగం కన్నడం, సగం తెలుగు.

"దిగు."

దిగింది.

"ఆడనే ఉండు అన్న గద. ఉండు."

నేను సైకిల్ పడేసి బండి ఎన్క క్యారియర్ పట్టుకున్న. "నన్ను కొట్టు. ఇంటికి రానియ్యకు ఆమెను, నేను చూసుకుంట. కాని గీడికెళ్ళి నడిచి నూకుకుంట దిగు."

దిగి వచ్చి కొట్టిండు. రెండు దెబ్బలు, రెండూ ఒక్క చెంప మీదనే. నేను క్యారియర్ ఇడవలే.

"పోయిన అంగడికి పెట్టుమంటివి. ఇయ్యాల తియ్యిమంటివి" అన్నడు, మెల్లగ, పండ్ల నడుమల్నుంచి. "ఏది పరాచికం, ఏది నిజం? నువ్వన్న చెప్పగలుగుతవా?"

"బ్రేకు పట్టి చూడు."

పట్టి చూసిండు. లివరు గట్టిగనే ఉంది. "గిదేంది మరి?" అన్నడు.

"లివరు గట్టిగుంటే చక్రం ఆగినట్టు గాదు. పట్టుకోనే నూకు. చక్రం తిరుగుతదో లేదో చూడు. గంతే, ఒక్కసారి నూకు."

నూకితె అయిపోయేది. ఒక్క అడుగు నూకితె అయిపోయేది. కాని నేను చెప్పిన పని చేసుడు ఇగ ఆయన తోని కాదు. కాలితోని నా మోకాలు మీద తన్నిండు. నేను కంకర మీద పడ్డ. ఆయన సీటు మీద కూసోని పోయిండు.

మొదలు మంచిగనే పోయిండు. తర్వాత జోరందుకుంది. రెండు చేతులు లివర్లు పిసుకుతుండంగ నేను చూస్తున్న, చక్రాలు వాటి మానాన అవి తిరుగుతున్నయి. కాళ్ళు ఆనిచ్చిండు. ఒక చెప్పు ఎగిరి రోడ్డు పక్కన పడ్డది. వంతెన దగ్గరికి వస్తుంది. ముప్పై ఏండ్లు ఎడ్లు తోలిన చెయ్యి గద, ఆఖరికి గదే పని చేసింది. బెదిరిన ఎడ్లను చేన్లకు గుంజినట్టు, హ్యాండిల్ ఒక్కసారి పక్కకు గుంజిండు. వంతెన కంటె ముందు ఎవలో కంది కట్టె కుప్ప పెట్టిండ్రు. దాంట్లకు సొచ్చిండు. కట్టె ఎగిరింది, పల్లిచెక్క ఎగిరింది, అటెన్క ఏం కనవడలే.

అక్క నన్ను దాటి ఉరికింది. నేను కుంటుకుంట పోయిన.

కట్టెల నడుమ పడి ఉన్నడు. ఎడమకాలు మోకాలు కింద వంకరయింది. మొకం నిండ గీరుకపోయింది. కండ్లు తెరిసి నన్ను చూసి మొదలన్న మాట, "నవ్వు."

నేను ఆయన మీది కట్టె పక్కకు తీస్తున్న.

"నవ్వు రా. గిందుకే గద. ఇప్పుడు నవ్వు."

మూతి గట్టిగ మూసుకున్న. అయినా నవ్వినట్టే ఉందేమో. ఆయన మొకం తిప్పుకున్నడు.

కంది బస్తాలేసుకోని పోతున్న ట్రాక్టర్ ఆపి ఖేడ్ దవాఖానకు తోలుకపోయినం. కాలు ఇరిగింది, పట్టీలేసిండ్రు, మూడు నెలలు కింద పెట్టద్దన్నరు. నేను లోపటికి పోతే మా బావ గోడ దిక్కు మొకం పెట్టుకున్నడు. బయట బండ మీద అక్క కూసోని ఉంది. పక్కన కూసోబోతే కొంగు గుంజుకుంది.

"నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసినవ్" అంది.

"చేసిన. గా నెత్తి ఉండాలనే తప్పిన."

"అది సరే." "నువ్వు పరాచికమాడింది ఆయనతోని అనుకుంటున్నవ్. ఆయన అడగలే నిన్ను. అడిగింది నేను. తెల్వక అడిగిన. సక్కగ చెప్తవని అడిగిన."



సాయంత్రం అదే ట్రాక్టర్ల మనూర్ పోనీకి మా బావను పైకెక్కించిండ్రు. అక్క కింద నిలబడ్డది. ఎక్కమని అనలే, వద్దని అనలే. ట్రాక్టర్ స్టార్టు అయింది. అప్పుడు పైకెళ్ళి అన్నడు, "నిలబడ్డవేంది. నాకు నీళ్ళెవడు పోస్తడు. ఎక్కు." ఎక్కింది. ఎన్కకు తిరిగి చూడలే.

బండిని మాణిక్యప్ప ముట్టద్దని చెప్పే పోయిండట మా బావ. కాని ఖేడ్ల అప్పుడు మోపెడ్ చేసేది నేనొక్కన్నే. నాలుగు దినాలు చూసి దేవప్పే కట్టె కుప్ప కాడ పడి ఉన్న దాన్ని తెచ్చి నా దుకాణం ముంగట పడేసిండు. "ఇప్పుడు నవ్వకు" అన్నడు. నవ్వలే. రెండు చక్రాలు ఇప్పిన. డబ్బలు పెట్రోల్ తోని మూడుసార్లు కడిగిన. బ్రేకు పట్టీలు కందెన తాగినయి, తాగినయి ఇగ పనికిరావు, ఎంత రుద్దినా లోపట్నుంచి మల్ల ఊరుతది. కొత్తవి ఏసిన. ముందు చక్రం పుల్లలు ఆరు ఇరిగితె మార్చిన. తీగలు చూసిన, చైన్ చూసిన, నట్టు నట్టు చూసిన. పిలగ్ తుడిసి దాని జాగల అది పెట్టిన.

అటెన్క అయిదోనాడు అక్క వచ్చింది. సందులకెళ్ళి గాదు, రోడ్డు మీదికెళ్ళి, మొకం మీద కొంగు లేకుంట. దాసుకునేది ఇగ ఏం లేదు గద. రొట్టె తేలే.

"చూపియ్యి" అంది.

"ఏంది?"

"బండి ఎక్కేముందు ఏమేం చూడాల్నో గవన్ని. సక్కగ. నవ్వులాట లేకుంట."

చూపెట్టిన. బ్రేకు లివరు రెండు వేళ్ళ మందం లోపటికి పోయి పట్టాలె, అంతకంటె ఎక్కువ పోతె తీగ గుంజుకోవాలె. పట్టుకోని బండి నూకాలె, ముందుది ఒకసారి, ఎన్కది ఒకసారి, చక్రం గీకుకుంట రావాలె గని తిరగద్దు. టైరును బొటనేలు తోని ఒత్తాలె. చైన్ను నడుమ లేపితె ఏలు మందం ఆడాలె. తీగ కొన కాడ ఒక్క పోగు తెగినా ఆ పొద్దు ఎక్కద్దు. డబ్బలకు నూనె గాని కందెన గాని ఏం తగలద్దు. గీ ఆఖరి మాట అనేటప్పుడు నేను ఆమె మొకం చూడలే. ఒక్కొక్కటి ఆమె చేత్తోని చేసి చూసింది. నూకింది. చక్రం ఆగింది. మల్ల నూకింది. నన్ను నమ్మక మల్ల నూకింది.

ట్రాక్టర్ మీద ఏసుకోని తోలుకపోయింది.

కాలు అతికినంక మా బావ మల్ల అంగడికి వస్తుండు. జర కుంటుతడు. వచ్చిన ప్రతిసారి పోయేముందు నా దుకాణం ముంగటనే బండి ఆపుతడు. ఆపేది ఆయన గాదు, మా అక్క. కిందికి దిగుతది. "పట్టు" అంటది. ఆయన లివరు పడ్తడు. ఆమె ఎన్కకెళ్ళి రెండు చేతులతోని నూకుతది. చక్రం కీసుమని ఆగుతది. మల్ల దుమ్ము వడ్డది గద లోపట. బస్టాండంత తిరిగి చూస్తది. మా బావ మొకం ఎర్రగైతది, అయినా ఏమనడు. గా సప్పుడు ఇంటే గని ఆమె బండి ఎక్కది. ఎక్కినంక ఆయన నా గడప మీద ఉమిసి పోతడు. ఆమె నా దిక్కు చూడదు.

సప్పుడు వచ్చినంత మాత్రాన బ్రేకు మంచిగున్నట్టు గాదు. దుమ్ము తుడిసి, ఇసుక కాగితంతోని జర రుద్దితె ఆ కీసుమనుడు పోతది, పది నిమిషాల పని. ఎవ్వలు అడగలే నన్ను. నేను గూడ చెప్పలే.